థీమ్ ఫొటో

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరి ఆ అపార్టుమెంటులో ఆడవాళ్ళంతా ఆదివారం మధ్యాహ్నం థీమ్ పార్టీకి డెబ్బైల నాటి క్లబ్బు డాన్సర్లలా ముస్తాబై వచ్చారు.

సంఘం ప్రెసిడెంటు రుచిత తన తళుకుల జాకెట్టు చూపించి మురిసిపోతోంది. "నా స్టైలంతా ఆ డాన్సర్లని సినిమాల్లో చూసి నేర్చుకున్నదేనండీ. ఇదే జాకెట్టు పట్టుచీర మీద వేసుకుని శ్రావణమాసం పేరంటాలకి కూడా వెళ్తున్నాను."

మూడో అంతస్తులోకి కొత్తగా వచ్చిన మాణిక్యం గారు మాత్రం గంజిపెట్టిన నేతచీరలో, మోచేతుల దాకా ఉన్న జాకెట్టుతో వచ్చారు. ఆవిడకు డెబ్బై దాటాయి. ఎవరైనా ఏదైనా వేడుకకు పిలిచి చాలా ఏళ్ళయిందేమో, అందరికంటే ముందే వచ్చి కూర్చున్నారు.

గ్రూపు ఫొటోకి అందరూ నిలబడ్డారు. మాణిక్యం గారు కూడా ఓ చివర నిలబడి, కొంగు భుజం చుట్టూ సర్దుకున్నారు.

రుచిత దగ్గరకొచ్చి మెల్లగా అంది. "ఏమీ అనుకోకండి ఆంటీ. మీరు మరీ పద్ధతిగా ఉన్నారు. ఫొటోలో థీమ్ చెడిపోతుంది. కాస్త పక్కకి వస్తారా?"

"దానికేముందమ్మా," అంటూ ఆవిడ వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. కూర్చున్నాక నవ్వు ఆపుకోలేకపోయారు.

"ఎందుకు నవ్వుతున్నారాంటీ?" అడిగింది రుచిత.

"మద్రాసులో ఓ హోటల్ క్లబ్బులో డాన్సు చేసేదాన్నమ్మా. మా చెల్లెలి పెళ్ళిలో ఫొటో తీసేటప్పుడు, నేను పద్ధతిగా లేనని మావాళ్ళు పక్కకి వెళ్ళమన్నారు. అప్పట్నుంచీ ఇలాగే కట్టుకుంటున్నాను."