బిగింపు చక్రం

ధవళేశ్వరం లాకుల దగ్గర కొత్త పొగపడవ మొదటి ప్రయాణానికే మొరాయించింది. ఇంజను గొలుసును బిగించి ఉంచే చక్రం విరిగి, గొలుసు వేలాడిపోయింది.

కమ్మరి వీరబ్రహ్మం కొత్త చక్రం తెచ్చాడు. అది కూర్చునేదాకా గొలుసు లాగి పట్టుకోవడానికి బుల్లియ్యను పిలిచాడు. గట్టు మీద నడుస్తూ భుజాన వేసుకున్న తాడుతో ధాన్యం పడవలు లాగడంలో బుల్లియ్యకు సాటి లేదు.

"ఊపిరి బిగబట్టి లాగరా!"

లాగాడు. చక్రం కూర్చుంది.

"మళ్ళీ వదులైతే కబురెట్టండి ఆచారిగారూ," అన్నాడు బుల్లియ్య మురిసిపోతూ.

"ఇంక మనిషి లాగక్కర్లేదురా."

పొగపడవ కూత వేసింది. బుల్లియ్య నిన్నటిదాకా లాగిన ధాన్యం పడవలన్నీ దాని వెనక బారులు తీరాయి. ఆఖరి పడవను కట్టడానికి తాడు చాలలేదు.

"నీ భుజాన ఉన్నది ఇలా ఇయ్యి," అన్నాడు వీరబ్రహ్మం.