పది గంటల చుట్టం

తుపాకీ ఈసారి స్నానాలగదిలో దొరికింది. వేడినీళ్ల కాగు వెనక, గోడకు ఆనించి ఉంది.

"ఇక్కడెవరు పెట్టారు?" ఉత్తయ్య గద్దించాడు.

"దొరికింది కదా. రండి, రొట్టెలు చల్లారిపోతున్నాయి," అంది భార్య దేచమ్మ.

పోయిన వారం జీపు సీటు మీద. అంతకు ముందు ధాన్యపు గాదె పక్కన. ఈ ఇంట్లో వస్తువు పెట్టినచోట ఉండటం లేదని ఉత్తయ్యకు ఒళ్లు మండేది.

అది తాతల నాటి జోడు గొట్టాల తుపాకీ. ఏటా పండగకు పూలు పెట్టి మొక్కే తుపాకీ. కొడగు కొండల్లో తుపాకీ లేనిది ఇల్లే కాదంటాడు ఉత్తయ్య. సాయంత్రమైతే రెండు గొట్టాల్లోనూ తూటాలు పడాల్సిందే. కాఫీ తోటలోకి అడవిపందులు దిగితే తడుముకునే పని ఉండకూడదు.

ఆ ఏడు కొండ కింద అద్దె ఇంట్లోకి కన్నూరు వైపు నుంచి ఓ పెద్దాయన దిగాడు. పేరు అచ్యుతన్. ఒకప్పుడు సైన్యంలో చేశాడట.

పరిచయానికి వచ్చిన రోజే తలుపు పక్కనున్న తుపాకీ వైపు చూశాడు.

"తూటాలు తీసి, బీరువాలో పెట్టి తాళం వేస్తే మేలేమో అన్నా."

"మీ ఇంట్లో తుపాకీ ఉందా?"

"లేదు."

"అయితే కూర్చుని కాఫీ తాగు."

అచ్యుతన్ నవ్వి ఊరుకున్నాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

కానీ రోజూ రావడం మొదలుపెట్టాడు. సరిగ్గా పదింటికి, ఉత్తయ్య కాఫీ పళ్లు ఆరబోసిన కళ్లం వైపు బయల్దేరే వేళకు వచ్చేవాడు. ఉత్తయ్య తిరిగొచ్చేసరికి అరుగు మీద ఖాళీ గ్లాసుతో కనిపించేవాడు.

"నీ చుట్టం ఇవాళా వచ్చాడు. ఈ ఏటి పంటంతా ఆయన పొట్టలోకే," అనేవాడు ఉత్తయ్య.

"పోనిద్దురూ. ఒంటరి మనిషి," అనేది దేచమ్మ.

ఉత్తయ్యకు అంతకన్నా పెద్ద దిగులు ఇంకోటుంది. సాయంత్రం వేసిన తూటాలు మర్నాటికి తుపాకీలో ఉండటం లేదు. వేశానా, లేదా? ఆ ప్రశ్నకు అతని గుండె జారేది. ఎవరికీ చెప్పలేదు. మళ్లీ వేసేవాడు.

ఒకరోజు కళ్లజోడు మరిచిపోయి సగం దారిలో వెనక్కి వచ్చాడు.

అచ్యుతన్ తుపాకీ గొట్టాలు వంచి తెరిచి మోకాళ్ల మీద పెట్టుకుని ఉన్నాడు. అరచేతిలో రెండు తూటాలు.

తన మతి మీద తనకున్న భయమంతా ఆ క్షణాన కోపమైపోయింది ఉత్తయ్యకు.

"ఇదా నువ్వు చేసేది. నా కాఫీ తాగుతూ నా తూటాలే కాజేస్తావా?"

గుమ్మంలో నిలబడ్డ దేచమ్మ నోరు తెరవబోయింది. అచ్యుతన్ ఆమె వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపాడు.

"తప్పయింది అన్నా."

తూటాలు అరుగు మీద పెట్టి మెట్లు దిగాడు.

"మళ్లీ ఈ గడప తొక్కావంటే దొంగని కాల్చినట్టు కాలుస్తాను," ఊరంతా వినేలా అరిచాడు ఉత్తయ్య.

తొమ్మిదో రోజు పొద్దున కళ్లంలో ఉండగా ఇంటి వైపు నుంచి చప్పుడు వినిపించింది.

పరుగెత్తాడు.

నడవలో దేచమ్మ గోడకు జారగిలబడి ఉంది. తుపాకీ ఆమె ఒడిలో ఉంది. పిలిస్తే పలకలేదు.

"దుమ్ము దులుపుతుంటే పేలి ఉంటుంది," అన్నారు వచ్చినవాళ్లు.

కీళ్లవాతంతో వంకర్లు పోయిన ఆ వేళ్లు రెండేళ్లుగా గ్లాసు కూడా సరిగా పట్టలేదు. ఆ చేతులతో తుపాకీ జోలికి ఎందుకు వెళ్లిందో ఉత్తయ్యకు అంతుపట్టలేదు.

మనిషి పోతే ఆకాశంలోకి కాల్చి ఊరికి తెలియజెయ్యడం అక్కడి ఆనవాయితీ. ఆ రోజు ఎవరూ తుపాకీ ఎత్తలేదు. మొదటి చప్పుడే ఊరంతా విన్నది.

తుపాకీని పోలీసులు పట్టుకెళ్లారు.

మూడో రోజు కూతురు బోజమ్మ తల్లి పెట్టె సర్దుతూ ఒక మూట తెచ్చి తండ్రి ముందు విప్పింది. నిండా తూటాలు.

"ఆ దొంగ ఇక్కడ దాచాడా..." అన్నాడు ఉత్తయ్య.

"ఏ దొంగ నాన్నా? అచ్యుతన్ బాబాయిని అంటున్నారా?"

"నీకెలా తెలుసు?"

"అమ్మ ఫోన్లో చెప్పేది. తుపాకీ ఎక్కడ పెడుతున్నారో మీకే గుర్తుండటం లేదట. తాళం వెయ్యమంటే మిమ్మల్ని చేతకానివాణ్ణి చేసినట్టవుతుందని భయపడింది. తీద్దామంటే తన వేళ్లు లొంగవు. అందుకని రోజూ వచ్చి తూటాలు తీసివ్వమని ఆయన్ని బతిమాలుకుంది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది." బోజమ్మ కళ్లు తుడుచుకుంది. "ఆయన రావడం లేదని, ఇక తానే తీస్తానని పోయిన వారం అంది. నేనైనా మీకు చెప్పాల్సింది."

ఉత్తయ్య చెప్పులు కూడా వేసుకోకుండా కొండ దిగాడు.

అద్దె ఇంటికి తాళం ఉంది. ఇంటి యజమానురాలు తంగమ్మ తన అంగట్లో కూర్చుని ఉంది. చుట్టూ నలుగురైదుగురు.

"నిన్ననే ఖాళీ చేశాడన్నా. ఎక్కడికో చెప్పలేదు. ఎందుకు పోతున్నావంటే, ఉత్తయ్యన్న ఇంట్లో తూటాలు దొంగిలించాను, ఈ ఊళ్లో మొహం చెల్లదు అన్నాడు. నిజమేనా?"

అందరూ ఉత్తయ్య వైపు చూశారు.

ఔనంటే చాలు, తన ఇంటి గుట్టు ఎప్పటికీ గుట్టుగానే ఉండిపోతుంది.

"కాదమ్మా," అన్నాడు ఉత్తయ్య, అంగడిలో అందరికీ వినబడేలా. "నాకు మతి తప్పుతోందని మీకెవరికీ తెలియకూడదని దొంగ అనిపించుకుని పోయాడు."