నచ్చిందని తేల్చిన కుర్చీ

ఎండాకాలం వచ్చిందంటే భూతం సినిమా రావలసిందే. ఇప్పుడైతే సినిమా ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరినే కొండంత భూతం తెర మీద తొక్కేస్తోంది. చూసేవాళ్ల గుండె వేగం కుర్చీకి తెలుస్తుంది. వేగం పెరిగితే నచ్చినట్టు లెక్క, వెంటనే అదే మళ్లీ చూపిస్తారు.

అనకాపల్లి హాల్లో, టిఫిన్ బండి నడిపే పైడమ్మ కళ్లముందే భూతం ఆమె వీధి మీద కాలు మోపింది. ఇడ్లీపాత్ర దగ్గర నిలబడ్డ ముసలామె పెంకుల కింద పడిపోయింది. తెర మీది బొమ్మ మాత్రం ఆమెను వదిలేసి హీరో నల్లకళ్లజోడు మీదికి ఎగిరిపోయింది.

"ఏటిది? ఆ ముసిల్దాన్ని ఎవులూ లేపరా? బతికుందో లేదో సూపించండి ముందు!" పైడమ్మ లేచి నిలబడి అరిచింది.

భూతం వెనక్కి తిరిగి, అదే వీధిని మళ్లీ తొక్కింది. హాలంతా ఈలలు.

"కూకోవే," అన్నాడు మొగుడు అప్పలస్వామి, చెయ్యి పట్టి లాగుతూ. "నీ గుండె కొట్టుకున్న కొద్దీ అది తొక్కుతాది."

"నా గుండె మండి కొట్టుకుంటంది, మురిసి కాదు!"

భూతం మూడోసారీ తొక్కింది. పైడమ్మ కొంగు బొడ్లో దోపుకుని విసవిసా బయటికి నడిచింది. గుమ్మం మీది మైకు తియ్యగా పలికింది: "అమ్మా, ఈ ఆటలో అందరికంటే ఎక్కువ ఆనందించింది మీరే. మీ ముచ్చట తీర్చడానికి రెండో భాగమంతా మీ వీధిలోనే తీస్తున్నాం."