వదులైన కళ్ళజోడు

“జర బిగించియ్యిరి సార్, ముక్కు మీదికి జారుతున్నది,” అంటూ ఆమె కళ్ళజోడు బల్ల మీద పెట్టింది.

మహీధర్ కళ్ళజోడునూ గుర్తుపట్టాడు, ఆమెనూ గుర్తుపట్టాడు. పోయిన వారం ఆబిడ్స్‌లోని తన కళ్ళజోళ్ళ దుకాణంలోనే గంటసేపు అద్దం ముందు కూర్చుని, ముప్పై ఫ్రేములు పెట్టి చూసుకుని, నచ్చినదానికి ఫొటో తీసుకుని, “మా ఆయన్ను అడిగొస్త” అని వెళ్ళిన మనిషి.

“ఆన్‌లైన్ల కొన్నరా?”

“ఔ సార్. సగం ధరకే వచ్చింది.”

“మరి బిగించనీకి గూడ గాళ్ళనే పిలవకపోయిన్రా?”

అన్నాడే గాని చేతులు ఆగలేదు. ఎక్కడ కొన్న కళ్ళజోడైనా స్క్రూ ఊరికే బిగించి పంపడం తండ్రినాటి అలవాటు.

“చూసేది మా తాన, కొనేది ఇంకోతాన. మనిషికి జర సిగ్గుండాలె అమ్మా!”

ఆమె తలదించుకుంది.

అంతలో పార్సిల్ వచ్చింది. గొణుగుతూనే మహీధర్ దాన్ని విప్పి, కూతురి ఇంటర్ పుస్తకాలు బల్ల మీద పేర్చాడు.

అతను బిగించి ఇచ్చిన కళ్ళజోడు పెట్టుకుని, ఆమె ఆ పుస్తకాల పేర్లు ఒక్కొక్కటే చదివింది.

“నాంపల్లి స్టేషన్ కాడ పుస్తకాల దుకాణం మాదే సార్. మొన్న మీరు పాపతోని వచ్చి ఇవే పుస్తకాలు గంటసేపు తిరగేసి, ఫొటోలు తీస్కపోయిన్రు. నేను ఎనక కూసోని పుస్తకాలకు అట్టలేస్తున్న.”

మహీధర్ పార్సిల్ కవరును పుస్తకాల మీదికి లాగాడు.

ఆమె గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. గొంతులో వెటకారం లేదు.

“పుస్తకాలు పాపతోని పంపియ్యిరి సార్, అట్టలేసిస్త. మేము గూడ ఊరికెనే ఏస్తం.”