అక్కకు అందని మందు

కాకినాడలో కేన్సర్‌కు సూది వేయించుకోవడం ఇప్పుడు జ్వరానికి మాత్ర వేసుకున్నంత మామూలు. ఒంట్లోని జన్యువులను సరిచేసే ఆ మందును కనిపెట్టిన హైమవతి, రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడూ తమ పేటలోని ఆరోగ్య కేంద్రానికి వచ్చి కూర్చునేది.

ఆ ఉదయం రొమ్ము కేన్సర్‌కి సూది వేయించుకున్న రత్నమాంబ అనే పెద్దావిడ వెంటనే లేవబోయింది. "గంటసేపు కదలకూడదమ్మా" అంది నర్సు.

"గంటా! పొయ్యి మీద పులుసుంది. మా చెల్లి దాన్ని మాడ్చి మసి చేస్తుంది, మొద్దు మొహంది!"

హైమవతికి నవ్వొచ్చింది. ఆ వెంటనే తన అక్క గుర్తొచ్చింది. ఈ మందు ఇంకా ఎలుకల మీద పరీక్షల్లో ఉండగానే ఆవిడ ఇదే జబ్బుతో పోయింది. రోజూ సాయంత్రం మంచం మీంచే, "నీ ఎలుకలెలా ఉన్నాయే?" అని అడిగేది. కోలుకుంటున్నాయని చెప్పడానికి హైమవతికి నోరొచ్చేది కాదు.

ఆమె వెళ్ళి రత్నమాంబ పక్కన కూర్చుంది. "మీ చెల్లిని తిట్టినట్టు నన్నూ ఓసారి తిట్టరూ? మా అక్క పోయాక నన్నెవరూ తిట్టలేదు."

రత్నమాంబ ఆమె మొహంలోకి తేరిపార చూసింది. "ముందా కుచ్చిళ్ళు సర్దుకోవే, నేల మీద జీరాడుతున్నాయి!" అని గదమాయించింది.

హైమవతి గబగబా కుచ్చిళ్ళు సర్దుకుంది. కళ్ళు తుడుచుకోవడం మాత్రం మరిచిపోయింది.