పద్దెనిమిదిలో పెట్టండి

"ఏటి గార్డు గారూ, మీకైతే సల్లగాలి, మాకైతే కొలిమి గాలీనా? ఇదెక్కడి నాయమండీ?"

వంటింటి కిటికీలోంచి కన్యకాంబ వేసిన కేకకి సుభాష్‌పల్లి వీధిలో నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. రిటైరైన రైలు గార్డు విల్‌ఫ్రెడ్ బనియనుతోనే పెరటి సందులోకి పరిగెత్తాడు. రెండిళ్ల మధ్యా ఉన్నది నాలుగడుగుల సందు. ఇవతలి గోడకి ఆయన కొత్తగా పెట్టించిన ఏసీ డబ్బా. అవతల సరిగ్గా ఆవిడ పొయ్యి ముందరి కిటికీ. డబ్బా ఊదే వేడంతా ఆవిడ మొహానే కొడుతోంది.

"బయట సూస్తే నలభై నాలుగు. పొద్దుటేల డాబా మీద వడియాలెట్టి, మాడి మసై కిందికి దిగితే వంటింట్లో మీ డబ్బా! ఇదిగో సూడండి నా మెడ, ఎన్ని సెమటకాయలో. నేనేటి మనిషిని కానా?"

"తప్పు మాదేనమ్మా," అన్నాడు విల్‌ఫ్రెడ్. కిందటేడు మే నెలలో వడదెబ్బ తగిలి ఆయన భార్య ఆలిస్ పది రోజులు ఆస్పత్రిలో పడుకుంది. ఇంకోసారి తగిలితే మనిషి దక్కదు, గది చల్లగా ఉంచుకోండి అని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆ గదికి బయటి గోడ ఇదొక్కటే. "మా ఆలిస్ సంగతి మీకు తెలిసిందే కదా. డబ్బా పెట్టడానికి ఇంకో చోటు నేదు."

"వొదినంటే నాకూ పేణమే. అలాగని నా పేణం తీసీమంటారేటి? శనివారం దాకా సూస్తాను. ఆ తరవాత నాయంత సెడ్డది ఉండదు!"

కిటికీ రెక్క ఫెడేలుమని మూసుకుంది.

ఆవిడ నోరు పెద్దదే గానీ, అన్నదాంట్లో అబద్ధం లేదు. ఏటికేడూ ఎండలు ముదిరిపోతున్నాయి. ఆ వీధిలో ఇది ఆరో ఏసీ. ఎవరి గదిలో వేడి వాళ్లు బయటికి తోసేస్తున్నారు, ఆ బయట ఇంకొకళ్ల కిటికీ ఉంటుంది. కన్యకాంబకి కిటికీ మూసుకుని కూర్చునే వీలూ లేదు. బజార్లో వాళ్ల కొట్టుంది, అక్కడ అమ్మే వడియాల పిండంతా ఉడికేది ఆ పొయ్యి మీదే. ఈ బెంగాలీ ఊళ్లో తెలుగువాళ్లంతా ఏడాదికి సరిపడా వడియాలు కొనేది ఆవిడ దగ్గరే.

సాయంత్రం ఆలిస్సే తేల్చేసింది. "తీయించీండి. పక్కింటి ఆడకూతురి ఉసురు పోసుకుని నాకెందుకండీ ఈ సల్లదనం? దేవుడెలా రాస్తే అలా జరుగుతాది."

విల్‌ఫ్రెడ్ మెకానిక్కుకి ఫోన్ చేశాడు. శనివారం వచ్చి విప్పమన్నాడు. జూన్ దాకా ఆలిస్‌ని ఎలా కాపాడుకోవాలో ఆయనకి తోచలేదు.

ఈ మధ్య కాలాన్ని నమ్మడానికి లేదు కదా! గురువారం అల్పపీడనం పట్టుకుంది. మే నెల మధ్యలో ఆషాఢం ముసురు. డాబాల మీద ఆరేసినవన్నీ జనం ఎక్కడివక్కడ లోపలికి లాగేసుకున్నారు. శనివారం ఆ వానలోనే మెకానిక్కు గొడుగేసుకుని వచ్చి సందులో నిచ్చెన వేశాడు. స్పానర్ పట్టుకుని, "ఖుల్బో దాదా?" అన్నాడు, విప్పేయనా అని.

విల్‌ఫ్రెడ్ తల ఊపబోయాడు.

"ఆగండాగండి!" చెంగు నెత్తిన కప్పుకుని కన్యకాంబ పరిగెత్తుకొచ్చింది. వెనకే ఆవిడ భర్త తాతారావు, చంకలో నీలం టార్పాలిన్ చుట్ట. "సెయ్యెట్టకండి దాని మీద! నామో దాదా, నామో! దిగవయ్యా ముందు!"

"అదేటమ్మా, మీరే కదా తీసీమన్నారు?"

"ఏదో ఎండకి ఒళ్లు మండి అన్నాను. వొదిన పేణం కన్నా నా సెమటకాయలు ఎక్కువేటండీ? తీయడానికి ఈల్లేదు. ఇప్పుడే ఎయ్యండి."

"ఇప్పుడా? వానకి సల్లగానే ఉంది కదమ్మా."

"ఏటి సల్లన? ఒకటే ఉక్క! వొదినకి అసలే పడదు. పద్దెనిమిదిలో పెట్టండి. రేత్రీ పగలూ ఆపకండి."

తాతారావు అప్పటికే సందు మీద ఈ గోడ నుంచి ఆ గోడకి టార్పాలిన్ కట్టేస్తున్నాడు.

"మీ డబ్బా తడిసిపోదూ!" అంది కన్యకాంబ.

విల్‌ఫ్రెడ్ కళ్లు చెమర్చాయి. మెకానిక్కుని పంపేసి లోపలికి వచ్చి, "మన ప్రార్థన దేవుడు విన్నాడే ఆలిస్! ఇలాంటి పొరుగు ఎవరికి దొరుకుతాది?" అంటూ ఏసీ పద్దెనిమిదిలో పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నానికి ఆలిస్ రెండు దుప్పట్లు కప్పుకుని గడగడ వణుకుతోంది. "ఏవండీ, ఒక్క గంట ఆపుదురూ."

"ఎలా ఆపీమంటావే? ఆ తల్లి అంతగా సెప్పి ఎల్లింది. ఆపితే మనసు కష్టపెట్టుకోదూ?"

అన్నాడే గానీ, ఆవిడ వంటింట్లో ఎంత ఉడికిపోతోందో అని ఆయనకీ బెంగే. కిటికీ రెక్క ఓరగా తీసి సందులోకి చూశాడు. పైనుంచి కింది దాకా మరోసారి చూశాడు. తర్వాత చప్పుడు కాకుండా రెక్క మూశాడు. రిమోట్ తీసుకుని పదహారులోకి దించాడు. ఆలిస్ భుజం కింద చెయ్యి వేసి మెల్లగా లేవదీశాడు.

"రా, ముందు గదిలో పడుకుందువు గాని. అక్కడ ఎచ్చగా ఉంది."

"మరి ఏసీ కట్టీయరేటి? మనుసులు నేని గదిలో ఎవులికండీ అది?"

"ఇంకో పూట తిరగనీవే," అన్నాడు విల్‌ఫ్రెడ్. "సందులో కన్యకాంబ గారి వడియాలు అడుగు వరసలో ఇంకా పచ్చిగానే ఉన్నాయి."