నిర్లక్ష్యం

“నా జీతం పెంచమని మిమ్మల్ని ఎవరడిగారు?”

ఆసుపత్రి లాండ్రీలో పదకొండేళ్లుగా ఇస్త్రీ చేస్తున్న మనిషి, జీతం చీటీని సూపర్‌వైజరు బల్లమీద విసిరికొట్టింది. ఆయనకు ఒళ్లు మండింది.

“పైవాళ్ల కాళ్లావేళ్లా పడి పెంచించాను. అదా నువ్వు చూపించే విశ్వాసం?”

“పెరిగినదాంట్లో సగం వృత్తిపన్ను కింద కోసేశారు. పైగా ఆదాయం హద్దు దాటిందట, మా ఆయనకిచ్చే ఉచిత మందుల కార్డు రద్దు చేశారు. మిగిలిన సగంతో వారం మందులు కూడా రావు. పెంచింది తీసేయండి!”

“తీసేయాలంటే నీమీద ఏదో ఒక తప్పు రాయాలి. తెలుసా?”

“రాయండి.”

“సరే, ఆలస్యంగా వచ్చావని రాస్తా.”

“నేనెప్పుడొచ్చాను ఆలస్యంగా? లేనిపోనివి అంటగడితే ఊరుకోను.”

“మరేం రాసి చావమంటావ్?” అని అరిచాడు.

ఆమె తన బల్ల దగ్గరికి వెళ్లింది. ఉతికిన దుప్పటి ఒకటి పరిచి, కాలుతున్న ఇస్త్రీపెట్టె దానిమీద పెట్టి, పొగ లేచేదాకా అలాగే నిలబడింది.

“ఇప్పుడు రాయండి.”

ఆయన పళ్లు నూరుతూ కాగితం తీసి, ‘పనిలో నిర్లక్ష్యం’ అని రాశాడు. ఎంత మేర కాలిందో కూడా రాయాలి కాబట్టి దుప్పటి లాక్కుని చూశాడు.

కాలింది ఒక్క మూలే. పరుపు కిందికి దోపే మూల. రోగి ఒంటికి ఎక్కడా తగలదు.

ఆయన కలం ఆగిపోయింది.

“అలా చూస్తారేం? సంతకం పెట్టండి,” అందామె.